శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా

శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి మా ఫ్రిజ్ కింద నీళ్లు నిలిచేవి. మిగతా ఆరు రోజులూ బుద్ధిగా ఉండే ఫ్రిజ్‌కు ఆ ఒక్కరోజు ఏం రోగమొస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. ప్రొద్దుటూరులో ఫ్రిజ్‌లు బాగుచేసే ఆయనతో రెండుసార్లు గొడవపడ్డాను. "శుక్రవారం శుక్రవారం చెడిపోయే మిషను నేను యాడా చూడలేదక్కా, దానికేమన్నా పూజ చేయించు" అన్నాడాయన. నాకు ఒళ్లు మండింది. ఆ పూజేదో నీ అంగడికి చేయించుకో పో అని పంపించేశాను. మా అమ్మ ఆ మాటలన్నీ వింటూనే వంటింటి గడప దగ్గర కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటోంది. పాపం, ఏ పాపమూ ఎరగని ఆ బాగుచేసే ఆయన్ని అన్ని మాటలు అన్నానే అని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అప్పటికి మా వీధిలో స్మార్ట్ మీటర్లు పెట్టి రెండు నెలలైంది. మా మహిళా సంఘంలో నాలుగు ముక్కలు చదువుకున్నదాన్ని, నోరున్నదాన్ని నేనే కాబట్టి ఆ మీటర్ల గురించి ఇల్లిల్లూ తిరిగి చెప్పే పని నాకు అప్పగించారు. నాకు నోరుందన్న సంగతి ఊరంతా ఒప్పుకున్నదే. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధి నుంచి జమ్మలమడుగు దాకా, ఆ పక్క కొండాపురం ముంపు కాలనీల దాకా తిరిగాను. ఫోన్‌లో యాప్ వేసుకుంటే నిన్న ఏ గంటలో ఎంత కరెంటు కాలిందో గీతలు గీతలుగా కనపడుతుంది. పొడుగు గీత ఉన్న గంటలో ఇంట్లో ఏం నడిచిందో గుర్తు తెచ్చుకోండి, ఆ పని తగ్గించండి. ఇంతే నేను చెప్పే పాఠం. ట్యాంకు నిండి పారుతున్నా ఆపని మోటరు, స్నానం అయిపోయినా ఆరని గీజరు, అన్నీ దొరికిపోతాయి. మనిషి లేని గదిలో ఫ్యాను తిప్పొద్దమ్మా అని ప్రతిచోటా గట్టిగా చెప్పేదాన్ని. నిద్రపోయే మనిషి మీద ఫ్యాను ఆర్పమని మాత్రం ఎక్కడా చెప్పలేదు. చెప్పమన్నా చెప్పను.

వినేవాళ్లు నన్ను ఊరికే వదులుతారా! జమ్మలమడుగులో ఒక పెద్దామె గోడకున్న మీటరును ఎగాదిగా చూసి, "ఇది ఏ పార్టీ మీటరు పాపా?" అని అడిగింది.

"మీటరుకు పార్టీ ఏందత్తా?" అన్నాను.

"ఏం, మా కాలంలో కరెంటు స్తంభానికే పార్టీ ఉన్నింది. మా వీధి స్తంభం అవతలి పార్టీ వాళ్లది. అందుకే శానా ఏండ్లు మాకు దీపం ఎలగలేదు" అందామె.

అందరం నవ్వాం. కానీ ఆమె అన్నది అబద్ధం కాదు. ఆ రోజుల్లో బోరింగు పంపుకూ, బస్సు ఆగే చోటుకూ, చివరికి టీ కొట్టులో బెంచీకీ పార్టీ ఉండేది. ఆ నవ్వు ఆగకముందే ఇంకొకామె అడిగింది, "ఇంట్లో మనిషి ఉండేదీ లేనిదీ ఇది బయటోళ్లకు చెప్తాదా?" అని. అలాంటిదేం లేదమ్మా, మీ ఫోన్ మీ చేతిలోనే ఉంటుంది గదా అని గబగబా చెప్పేసి మాట మార్చాను. ఎవరు ఏం అడిగినా టక్కున జవాబు చెప్పే నేను ఆ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం తడబడేదాన్ని.

ఒకరోజు ప్రొద్దుటూరులోనే, బట్టల అంగడి వాళ్ల ఇంట్లో ఇరవైమంది ఆడవాళ్లను కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. నా ఇంటి గీతలే చూడండమ్మా అని నా ఫోన్ వాళ్ల చేతికిచ్చాను. అది చేతులు మారుతూ పోయి ఆ ఇంటి కోడలి దగ్గర ఆగింది.

"ఏందక్కా, మొన్న శుక్రవారం మధ్యాన్నం మీ ఇంట్లో గీతే లేదు! పన్నెండు నుంచి మూడు దాకా సున్నా. ఫ్రిజ్ కూడా ఆపేస్తావా ఏంది?" అంది.

"చూడండే, పొదుపంటే ఇదీ!" అంది వెనక కూర్చున్నామె. చప్పట్లు కొట్టారు. నేను వెర్రిదానిలా నవ్వుతూ నిలబడ్డాను.

ఇంటికొచ్చి ఫోన్‌లో వెనక్కి వెనక్కి జరుపుతూ చూశాను. ఎనిమిది శుక్రవారాలు. ఎనిమిదింటిలోనూ పన్నెండు నుంచి మూడు దాకా ఖాళీ. కరెంటు ఆఫీసుకు ఫోన్ చేస్తే అక్కడి అబ్బాయి, "ఆ టైముకు మీ వీధంతా కరెంటు ఉండాదక్కా. మీ ఇంట్లోనే ఎవరో మెయిన్ దించినారు" అన్నాడు. ఇంట్లో ఉండేది ముగ్గురం. మా ఆయన పులివెందుల బస్సు డిపోలో పనిచేస్తాడు, ఆదివారమే ఇంటికొస్తాడు. శుక్రవారం పూట నేను ఊళ్లు తిరుగుతుంటాను. ఇక మిగిలింది అమ్మ.

శుక్రవారం. పన్నెండు. మూడు. వాటిని పక్కపక్కన పెట్టుకుని చూశాను. అవి నాకు దాదాపు నలభై ఏళ్లుగా తెలిసిన గంటలు. ఎందుకు తెలుసో చెప్పాలంటే మా నాయిన సంగతి చెప్పాలి.

మాది లింగాల దగ్గర ఒక పల్లె. గొర్రెలూ మేకలూ మేపుకుని బతికే ఇల్లు. వాటిని జీవాలు అంటాం మేము. మా నాయినకు జీవాల సంగతి తప్ప రాజకీయం తెలియదు. ఊరి పెద్దాయన అడిగాడని ఒక ఎన్నికల్లో బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నాడు. పక్కూరి నుంచి దొంగ ఓటు వేయడానికి వచ్చినవాణ్ణి చూసి, "నువ్వు ఆ మనిషివి కాదు గదప్పా" అన్నాడు. ఆయన చేసిన నేరం అదొక్కటే. వారం తిరక్కముందే మా జీవాల దొడ్డి తగలబడింది. నాయిన కోసం కత్తులు పట్టుకుని తిరుగుతున్నారని కబురొచ్చింది. కూర్చోమన్న పెద్దాయన చుట్టూ మనుషుల్ని పెట్టుకుని మేడమీద ఉన్నాడు. మా నాయిన చుట్టూ ఎవరూ లేరు. నాకు ఇప్పటికీ ఆ కత్తుల వాళ్లకంటే ఈ పెద్దాయన మీదే కోపం ఎక్కువ.

అమ్మ నన్ను తీసుకుని ప్రొద్దుటూరు వచ్చి చిన్న మిద్దెలో బాడుగకు దిగింది. నాయిన మైలవరం డ్యాము దగ్గర చేపలు పట్టేవాళ్లలో కలిసి తలదాచుకున్నాడు. శుక్రవారం శుక్రవారం సంతకు జీవాలను తెచ్చే లారీ ఒకటి ఉండేది. జీవాల మధ్య గోనెపట్ట కప్పుకుని అందులో వచ్చేవాడు. పన్నెండుకు పెరటి తలుపు గుండా లోపలికి. మూడుకు లారీ తిరిగి పోయే వేళకు మళ్లీ పెరటి తలుపు గుండా బయటికి. వారానికి మూడు గంటల నాయిన మాకు.

ఆ మూడు గంటలూ ఇంట్లో ఎవరూ లేనట్టు ఉండాలి. అమ్మ ముందు తలుపుకు తాళం వేసి, వీధి చివరిదాకా నడిచి, సందులోంచి తిరిగి పెరటి వైపు వచ్చేది. కానీ తాళం ఒక్కటి చాలదని ఆ కాలంలో మావాళ్లందరికీ తెలుసు. మీటరు బయట వసారా గోడకు ఉంటుంది. అద్దం వెనక పల్చటి రేకు చక్రం, దాని అంచున ఎర్ర మచ్చ. తాళం వేసిన ఇంటికి ఆ చక్రం తిరుగుతోందంటే లోపల మనిషి ఉన్నట్టే. మనిషిని వెదుకుతూ వచ్చేవాళ్లు తలుపు తట్టరు, మీటరు చూసిపోతారు. అందుకని అమ్మ తాళం వేసే ముందే తెల్ల పింగాణీ ఫ్యూజు పీకి వసారాలోని నీళ్ల తొట్టి వెనక దాచేది. చక్రం నిలబడిపోయేది.

బడిలో మధ్యాహ్నం గంట కొట్టగానే నేను సందులోంచి పరుగెత్తుకుంటూ వచ్చేదాన్ని. మూసిన కిటికీల గదిలో, ఆ ఎండల్లో, నాయిన చాప మీద చెమటతో తడిసి కూర్చునేవాడు. అమ్మ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూనే ఉండేది. ఆయన పళ్లెంలోంచి రెండు సంగటి ముద్దలు నా నోట్లో పెట్టేవాడు. జీవాల వాసన, చేపల వాసన, చెమట వాసన కలిసిన చెయ్యి అది. ఆ వాసన కోసం నేను ఇప్పుడు ఎంత దూరమైనా నడుస్తాను. కరెంటు పోతే పిల్లలందరూ గోల పెడతారు. నాకు మాత్రం కరెంటు లేకపోవడమంటే నాయిన ఇంట్లో ఉండటం. ఇప్పటికీ టక్కున కరెంటు పోతే నా తల దానంతటదే పెరటి తలుపు వైపు తిరుగుతుంది.

అమ్మ అప్పుడు శనక్కాయ మిల్లులో కూలికి పోయేది. ఒక శుక్రవారం పొద్దునే ఫ్యూజు పీకి, తాళం వేసి పనికి పోయిన ఆమెను మిల్లువాళ్లు మధ్యాహ్నం వదల్లేదు. ఆ రోజే ఊళ్లో బందు అని బడి తొందరగా వదిలేశారు. నేను వసారాలోకి వచ్చి కిటికీ సందులోంచి లోపలికి చూశాను. నాయిన ఒక్కడే ఉన్నాడు. చొక్కా విప్పేసి, అట్టముక్కతో విసురుకుంటూ, చాప మీద ఇటూ అటూ దొర్లుతున్నాడు. ఎన్ని రోజులైందో కన్ను మూసి. నాకు తొమ్మిదేళ్లు. ఇంకేమీ ఆలోచించలేదు. నీళ్ల తొట్టి వెనక చెయ్యిపెట్టి ఫ్యూజు తీశాను. డబ్బా ఎక్కి, దాని చోట దాన్ని పెట్టేశాను.

లోపల ఫ్యాను కిర్రుమంది. గోడమీద చక్రం కదిలింది. చక్రం కనపడకూడదని నా తెలివి కొద్దీ బడి సంచిని మీటరు మేకుకు తగిలించి, దాని ముందు కాపలా నిలబడ్డాను. కాసేపటికి కిటికీలోంచి చూస్తే నాయిన వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి, హాయిగా నిద్రపోతున్నాడు. ఒక మనిషి నిద్రపోతుంటే అంత ముచ్చటగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. మళ్లీ మళ్లీ చూశాను.

అప్పుడే ఎదురుగా ఒకాయన సైకిల్ దిగి బీడీ ముట్టించుకున్నాడు. నన్ను చూశాడో, సంచి పక్కనుంచి చక్రాన్ని చూశాడో, ఊరికే బీడీ తాగాడో. తాగి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

రెండున్నరకు అమ్మ ఉరుకులు పరుగుల మీద వచ్చింది. సంచి పక్కకు తీసి చూసింది. ఫ్యూజు పీకేసి, "ఎవురే పెట్టింది?" అని గొంతు తగ్గించి అడిగింది.

"లైన్‌మన్ వచ్చి పెట్టిపోయినాడు" అన్నాను.

అమ్మ ఇంకో మాట అడక్కుండా పెరట్లోకి పరుగెత్తింది. నాయిన్ని లేపి, లారీ కోసం చూడకుండా, అప్పటికప్పుడు సందుల వెంట పంపించేసింది. నేను వెళ్లేసరికి చాప మాత్రమే ఉంది. దాని మీద చెమట తడి ఇంకా ఆరలేదు.

ఆయన మైలవరం చేరలేదు. తర్వాతి శుక్రవారం రాలేదు, ఆ పై శుక్రవారమూ రాలేదు. చంపామని ఎవరూ చెప్పలేదు, చూశామనీ ఎవరూ చెప్పలేదు. పోలీసు స్టేషన్‌లో రాసుకున్నారు, రాసుకున్నది అక్కడే ఉండిపోయింది. నేను పెరిగాను, పెళ్లి చేసుకున్నాను, నోరున్నదాన్నని పేరు తెచ్చుకున్నాను. కానీ నేను పెట్టిన ఫ్యూజే మా నాయిన్ని చంపిందా అన్న మాటను మాత్రం ఎవరినీ అడగలేకపోయాను. అడగాల్సింది అమ్మనే. ఆమెతోనేమో అబద్ధం చెప్పి ఉన్నాను.

తొమ్మిదో శుక్రవారం వచ్చింది. కొండాపురం పోతున్నానని అమ్మకు చెప్పి బయటపడ్డాను. బస్టాండులో టీ తాగి, కాసేపు కూర్చుని, ఆటోలో తిరిగొచ్చేసరికి పన్నెండున్నర దాటింది. సొంత ఇంటికి దొంగలా రావాల్సి వచ్చినందుకు నా మీద నాకే చిరాకేసింది. ముందు తలుపు లోపల గడియ పెట్టి ఉంది. వసారాలో కొత్త మీటరు మీద అంకెలు వెలుగుతున్నాయి, దాని పక్కన మెయిన్ స్విచ్చు మాత్రం కిందికి దించి ఉంది. పెరటి వైపు నుంచి వెళ్లాను.

మధ్య గదిలో కిటికీలు మూసి ఉన్నాయి. నేల మీద చాప, చాప మీద దిండు, పక్కన చెంబుతో మజ్జిగ. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, విసనకర్రతో ఆ ఖాళీ చాప మీదికి మెల్లగా విసురుతోంది.

"ఏందే, పోలేదా?" అంది, చెయ్యి ఆపకుండానే.

"ఏం చేస్తాండావుమా?"

"కనపడతాంది గదా." నా ముఖం చూసి మళ్లీ తనే అంది, "నాకు మతి పోయిందని భయపడొద్దు. బాగనే ఉండాది. మీ నాయిన రాడని తెలీదా నాకు? శానా ఏండ్ల నుంచి తెలుసు. కరెంటు ఉంటే ఆయప్ప ఇంట్లో లేనట్టు ఉంటాది. కరెంటు తీసేస్తే ఉన్నట్టు ఉంటాది. వారానికి మూడు గంటలు. ఎవురికేం నష్టం?"

"ఇన్నేండ్ల నుంచీనా?"

"నువ్వు బడికి పోతివి, ఆనక పనికి పోతివి. నీకెట్ల తెలుస్తాది? ఆ పాత మీటరు మంచిది, నోరు మూసుకోనుండె. ఈ కొత్తది నీ మాదిరే, అన్నీ చెప్పేస్తాది."

నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. చాపకు ఇవతల కూలబడ్డాను. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఈ జన్మకు చెప్పలేనని తెలిసిపోయింది.

"మా, ఆ పొద్దు ఫ్యూజు పెట్టింది లైన్‌మన్ కాదు. నేనే."

అప్పుడు ఆగింది అమ్మ చెయ్యి. నన్ను వింతగా చూసింది.

"బందు దినం లైన్‌మన్ యాడ నుంచి వస్తాడే, పిచ్చిదానా?" అంది. "ఆ పొద్దే తెలుసు నాకు. పెరట్లో నిలబడి మీ నాయినే చెప్పినాడు. ఫ్యాను తిరగతానే ఉలిక్కిపడి లేసినాడంట. ఆర్పాలని స్విచ్చు మీద చెయ్యి కూడా ఏసినాడంట. అంతలోకే వసారాలో నీ కాలి పట్టీల సప్పుడు ఇనపడిందంట. బిడ్డ ఏసిన గాలి, ఆర్పడానికి చెయ్యి రాలేదు అన్నాడు. శానా దినాలకు కంటినిండా నిద్రపోయినా, పాపను ఏమీ అనొద్దు అని చెప్పి పోయినాడు."

స్విచ్చు ఆయన చేతికందే దూరంలోనే ఉందన్న సంగతి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదుమా?" అని అరిచాను. నిజంగానే అరిచాను. బతుకంతా ఈ బరువు మోశానే అని కోపం ఆగలేదు.

"ఆ దినం ఊసెత్తితే నీ ముఖం మాడిపోతాండె. బిడ్డ మరిచిపోవాలని నేను చూస్తాంటి" అంది అమ్మ. ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. "నీ మనసులో ఇంత ఉండాదని నాకేం తెలుసే?"

"ఆ సైకిలాయన చూసినాడేమోమా, మీటరు."

"చూసినాడేమో. చూళ్లేదేమో. నాకు తెలీదు, నీకూ తెలీదు. మీ నాయిన నిద్రపోయింది మాత్రం నిజం."

చాలాసేపు ఇద్దరం ఏడ్చాం. చెంబులో మజ్జిగ చెరి సగం తాగాం. చీర చెంగుతో ముఖం తుడుచుకుని, "మా, ఫ్యాను ఎయ్యనా?" అని అడిగాను.

అమ్మ చాప వైపు చూసింది. వద్దంటుందేమో అనుకున్నాను.

"ఎయ్" అంది. "ఉక్కగా ఉండాది ఆయప్పకు."

వసారాలోకి వెళ్లి మెయిన్ ఎత్తాను. వచ్చి ఫ్యాను వేశాను. గాలికి దిండు మీద గుడ్డ రెపరెపలాడింది. అమ్మ విసనకర్ర కింద పెట్టి మణికట్టు నొక్కుకుంది.

ఆ తర్వాతి శుక్రవారం ఫ్రిజ్ కింద నీళ్లు లేవు. మర్నాడు బట్టల అంగడి వాళ్లింట్లో మళ్లీ కూర్చున్నాం. ఆ ఇంటి కోడలు నా ఫోన్ లాక్కుని నిన్నటి గీతలు తెరిచింది. దొరికిపోయావన్నట్టు నవ్వింది.

"ఏందక్కా ఇది! పన్నెండు నుంచి మూడు దాకా గీతలు ఉండాయే? ఈ వారం పొదుపు ఏమైపాయ?"

"మధ్య గదిలో ఫ్యాను తిరిగింది" అన్నాను.

"మీ అమ్మ నిన్న మధ్యాన్నమంతా మా అత్త దగ్గరే కూర్చోనుండె గదక్కా. మనిషి లేని గదిలో ఫ్యాను తిప్పొద్దని మాకు చెప్పి, నువ్వు చేసేది ఇదా?"

ఇరవైమందీ నా జవాబు కోసం చూస్తున్నారు. ఈసారి నా నోరు తడబడలేదు.

"మనిషి లేకుండా యాడ పోయినాడు?" అన్నాను. "మా నాయిన పడుకోనుండె."